రాడార్ మిషన్‌తో నీళ్ళ లోతు తెలుస్తుందా? కాశీనగర్ వైపు ఎవరైనా చేయించారా?

కాశీనగర్ గట్టు · ఆదివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర. వంశధార గట్టున ఎకరంన్నర ఇసుక నేల, కొండ కింద మూడెకరాల గరువు, అంటే మెట్ట నేల, ఉన్నాయి.

గరువులో రెండు బోర్లు వేశాం. మొదటిది 280 అడుగులు దించితే దుమ్ము తప్ప తడి లేదు. రెండోదానికి 180 దగ్గర తడి తగిలింది, అరంగుళం నీళ్ళు పోసింది, శివరాత్రి దాటేసరికి అదీ పోయింది. ఆ రెండో బోరుకి అమ్మ తన గొలుసు తీసి ఇచ్చింది. ఇప్పుడు మూడోది అంటే ఆవిడ ఏమీ అనదు గానీ, నాకే నోరు రావడం లేదు.

గట్టు పొలంలో మా తాత తవ్వించిన ఇటుకల నుయ్యి ఉంది, 14 అడుగులు. ఏటా ఏప్రిల్‌లో నూతి అడుగు కనబడుతుంది. ఈ ఏడు మార్చి నెలాఖరుకే ఎండిపోయింది.

మొన్న ఒకాయన వచ్చాడు. చిన్న చక్రాల బండి, కింద నారింజ రంగు పెట్టె, పైన టాబ్లెట్. జీపీఆర్ అంటే భూమిలోకి రాడార్ అట. 500 అడుగుల దాకా నీళ్ళు ఎక్కడున్నాయో, ఎన్ని అంగుళాలు పడతాయో స్క్రీన్ మీదే కనబడుతుంది అన్నాడు. పాయింటుకి 12 వేలు. మా బావ వెంటనే చేయించేద్దాం అంటున్నాడు. ఎవరైనా చేయించి ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

గుణుపురం రైతుబిడ్డ · ఆదివారం రాత్రి 9:51

చేయించండి అన్నా. మా చిన్నాన్న అలాంటి మిషన్‌తోనే పాయింట్ పెట్టించుకున్నాడు. 220 అడుగుల దగ్గర రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. కొబ్బరికాయ పట్టుకుని తిరిగేవాళ్ళ కంటే ఇది సైన్సు కదా.

బరంపురం రాడార్ · ఆదివారం రాత్రి 10:38

నేను ఆరేళ్ళుగా జీపీఆర్ బండి తోస్తున్నాను. రోడ్ల కింద కేబుళ్ళు, నీటి పైపులు ఎక్కడున్నాయో వెతకడం నా పని. కాబట్టి ఈ మిషన్‌ని తిట్టడానికి రాలేదు, నాకు అన్నం పెట్టేది అదే. కానీ ఆయన చెప్పిన మాట తప్పు.

అన్నయ్యా, ముందు ఒక్కటి చూసి చెప్పండి. ఆ నారింజ పెట్టె మీద ఏ అంకె రాసుంది? 100, 200, 400, ఏదో ఒకటి ఉంటుంది. అది తెలిస్తే మిగతాది చెబుతాను.

కాశీనగర్ గట్టు · సోమవారం ఉదయం 7:05

బండి ఫొటో నా ఫోన్‌లో ఉంది. పెద్దది చేసి చూశాను. 400 అని ఉంది తమ్ముడూ.

బరంపురం రాడార్ · సోమవారం ఉదయం 8:22

అనుకున్నదే. అది 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా. నేను పైపులు వెతికేదీ దాంతోనే. మంచి పొడి ఇసుకలో మూడు, నాలుగు మీటర్లు చూస్తుంది. బంకమట్టిలో మీటరు కూడా కష్టం. 500 అడుగులంటే 150 మీటర్లు, దాని వల్ల అయ్యే పని కాదు.

ఇది ఎలా పనిచేస్తుందో చెబితే మీకే తెలిసిపోతుంది. పెట్టెలోంచి రేడియో తరంగం చిన్న తునకగా నేలలోకి వెళ్తుంది. కింద ఒక పొర నుంచి ఇంకో పొరకి గుణం మారిన చోట కొంత వెనక్కి తిరిగి వస్తుంది. వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని మిషన్ నానోసెకన్లలో (సెకనులో వంద కోట్లో వంతు) కొలుస్తుంది. మిషన్ కొలిచేది అదొక్కటే, సమయం. లోతుని అది కొలవదు, మనం లెక్కగడతాం.

లెక్కకి ఆ నేలలో తరంగం ఎంత వేగంగా పోతుందో తెలియాలి. గాలిలో నానోసెకనుకి 30 సెంటీమీటర్లు పోతుంది. పొడి ఇసుకలో 15 దాకా. అదే ఇసుక నీళ్ళతో నిండితే 6కి పడిపోతుంది. ఉత్త నీళ్ళలో మూడు చిల్లర. పొడి ఇసుక దాటి నీళ్ళున్న ఇసుకలోకి దిగేచోట ఇంత తేడా ఉంది కాబట్టే అక్కడి నుంచి గట్టి ప్రతిఫలనం వస్తుంది, స్క్రీన్ మీద గీతగా కనబడుతుంది. అంటే నదీ తీరపు ఇసుకలో నీటి మట్టం చూడటానికి రాడార్ నిజంగా బాగా పనికొస్తుంది. మీ గట్టు పొలానికి ఇది సరైన పనిముట్టు. గరువుకి కాదు.

కాశీనగర్ గట్టు · సోమవారం ఉదయం 9:10

మా బావ ఒక వీడియో చూపిస్తున్నాడు. రాడార్‌తో కిలోమీటర్ల లోతు చూశారంట. అది మరి?

పర్లాకిమిడి మాష్టారు · సోమవారం మధ్యాహ్నం 1:30

ఆ వీడియో అబద్ధం కాకపోవచ్చు బాబూ. అది మంచు అయి ఉంటుంది. ఈ విద్య పుట్టిందే మంచు మీద. 1929లో ఆస్ట్రియాలో స్టెర్న్ అనే ఆయన రేడియో తరంగాలతో హిమానీనదం మందం కొలిచాడు. గడ్డకట్టిన మంచులో రేడియో తరంగం పెద్దగా నష్టపోదు, అందుకే కిలోమీటర్ల మంచు అడుగు కూడా చూడగలుగుతున్నారు. మన నేలలో బంకమట్టి ఉంది, ఉప్పు ఉంది, తడి ఉంది. ఇవి కరెంటుని పోనిచ్చే సరుకు. కరెంటు పోయేచోట రేడియో తరంగం శక్తి వేడిగా మారి అక్కడికక్కడే ఆరిపోతుంది.

నేను కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీ గరువు గురించి రాత్రికి వివరంగా రాస్తాను.

ధర్మాబాద్ మిర్చి · సోమవారం సాయంత్రం 5:47

అన్నా, నేను మహారాష్ట్ర నాందేడ్ జిల్లా నుంచి రాస్తున్న. మాది నల్లరేగడి. పోయిన ఏడు ఇట్లాంటి బండే తెచ్చి మా చేనంతా తిప్పిండ్రు. నేను పక్కనే నడుచుకుంట స్క్రీన్ చూసిన. పైన రెండు మూడు గీతలు స్పష్టంగా ఉన్నయి, మోచేయంత లోతు దాటినంక మొత్తం బూడిద రంగు చుక్కలే. ఆ చుక్కల్లో ఒక చోట వేలు పెట్టి ఇక్కడ నీళ్ళున్నయి అన్నడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, కానీ పది మందిలో అడగలేకపోయిన. ఆ పాయింట్‌ల బోరు వేస్తే తడి తగల్లేదు.

మా దగ్గర ఇంకో సంగతి కూడా చూసుకోవాలె. మహారాష్ట్ర భూజల చట్టం లెక్కల 60 మీటర్లు దాటితే లోతు బావి. 500 అడుగుల నీళ్ళు చూపిస్తా అని ఎవడన్నా అంటే, అది తవ్వొచ్చా లేదా అన్నది కూడా ముందే అడగాలె.

పైసలు పోతే పోయినయి. ఆ రోజు మా నాయిన కూడా నా పక్కన నిలబడి, ఆ చుక్కలనే చూసి, నీళ్ళున్నయట అని మురిసిండు. అది మాత్రం మరువలేను.

బరంపురం రాడార్ · సోమవారం సాయంత్రం 6:20

ధర్మాబాద్ అన్నా, మీరు చూసిందే రైటు. రేగడిలోని బంకమట్టి రాడార్‌ని స్పాంజిలా పీల్చేస్తుంది. ఆ బూడిద చుక్కలు మిషన్ సొంత చప్పుడు. తిరిగొచ్చే సిగ్నల్ లేనప్పుడు సాఫ్ట్‌వేర్ సౌండు పెంచినట్టు పెంచుతుంది, అప్పుడు ఉత్త గోల కూడా ఏదో బొమ్మలా కనబడుతుంది. ఆ బొమ్మలో ఎవరికి కావలసింది వాళ్ళకి దొరుకుతుంది.

గుణుపురం రైతుబిడ్డ · సోమవారం రాత్రి 8:02

అయితే మా చిన్నాన్నకి 220 దగ్గర నీళ్ళెలా పడ్డాయి? ఆయన అబద్ధం చెప్పడు కదా.

పర్లాకిమిడి మాష్టారు · సోమవారం రాత్రి 9:40

మీ చిన్నాన్న అబద్ధం చెప్పారని ఎవరూ అనడం లేదు నాయనా. చుట్టుపక్కల పది బోర్లలో ఆరింటికి 200, 250 మధ్య నీళ్ళు పడే ఊళ్ళో కళ్ళు మూసుకుని వేలు పెట్టినా సగం పైన నిజమవుతుంది. మిషన్ పనితనం తెలియాలంటే అది వద్దన్న చోట కూడా వేసి చూడాలి. అంత ఖర్చు ఎవరూ పెట్టరు, అందుకే తప్పు బయటపడదు.

ఇక గరువు సంగతి. గజపతి, రాయగడ కొండల్లో ఎక్కువగా కనబడే రాయిని ఖోండలైట్ అంటారు. ఇక్కడి ఖోండు తెగ పేరు మీదే ఆ రాయికి పేరు పెట్టారు. ఆ రాయి పైపైన చివికి బంకమట్టి అవుతుంది. చివికిన పొర కింద కొంత వదులు రాయి, దాని కింద గట్టి రాయి. నీళ్ళు రెండు చోట్ల నిలుస్తాయి. ఒకటి ఆ చివికిన వదులు పొరలో. రెండు, గట్టి రాయిలోని పగుళ్ళలో. మీ రెండో బోరు 180 దగ్గర తగిలింది ఒక పగులు. దానికి పైనుంచి ఊట సరిగ్గా అందడం లేదు, అందుకే శివరాత్రికి ఖాళీ అయింది.

180 అడుగుల లోతున నాలుగు మిల్లీమీటర్ల పగులుని నేల మీద నిలబడి చూడగల రాడార్ లేదు. పైనున్న బంకమట్టి దాన్ని పదో అడుగు దాకా కూడా పోనివ్వదు.

దానికి పద్ధతి విద్యుత్ నిరోధ సర్వే. జియాలజిస్టులు రెసిస్టివిటీ అంటారు. నాలుగు ఇనప రాడ్లు వరసగా నేలలో దిగ్గొడతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. బయటి రాడ్లు దూరం జరిపే కొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. వంద మీటర్ల లోతు గురించి మాట్లాడాలంటే అటు ఇటు 150, 200 మీటర్ల దాకా జరపాలి. ఎవరైనా వచ్చి రెండు గజాల జాగాలో రాడ్లు గుచ్చి 300 అడుగుల లెక్క చెబితే అదీ నమ్మకండి.

గట్టి రాయి కరెంటుని సరిగా పోనివ్వదు, దాని నిరోధం ఓమ్-మీటర్ల లెక్కలో వేలల్లో ఉంటుంది. నీళ్ళు పట్టిన చివికిన రాయి పదుల్లోకి, వందకి అటూ ఇటూగా దిగుతుంది. కానీ ఉత్త బంకమట్టి ఇంకా తక్కువ చూపిస్తుంది. అంకె తగ్గిందని సంబరపడితే బంకమట్టిలో బోరు వేసినట్టవుతుంది. కాబట్టి ఆ అంకెలు చదివే మనిషి చుట్టుపక్కల బోర్లలో ఏ లోతున ఏ మట్టి వచ్చిందో కూడా అడగాలి. మీ రెండు బోర్లకీ మట్టి కూలకుండా వేసే కేసింగ్ పైపు ఎన్నో అడుగు దాకా దించారు? అది చెప్పండి. అది చివికిన పొర ఎంత మందమో చెప్పే అంకె. ఆ రెండు బోర్లు మీకు పూర్తిగా నష్టం కాదు, ఆ సమాచారం కొనుక్కున్నారు.

కాశీనగర్ గట్టు · సోమవారం రాత్రి 10:15

మొదటిదానికి 40 అడుగులు, రెండోదానికి 65 అడుగులు కేసింగ్ పడింది మాష్టారూ. రెండింటి మధ్య దూరం రెండు వందల గజాలు ఉంటుంది.

పర్లాకిమిడి మాష్టారు · సోమవారం రాత్రి 10:31

చూశారా, రెండు వందల గజాల్లో 25 అడుగుల తేడా. రెండోదాని వైపు పొర మందం పెరుగుతోంది. సర్వే లైను ఆ వైపుకే వేయించండి. నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు ఈ పని చేస్తున్నాడు, పంపిస్తాను.

గోపాల్‌పూర్ ఇసుకదిబ్బ · మంగళవారం ఉదయం 6:50

నేను గంజాం తీరం నుంచి. మాది తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబం, ఇక్కడ మమ్మల్ని నోలియాలు అంటారు. రాడార్ గురించి చూసి రాస్తున్నాను.

మా వాడలో చేతిపంపు నీళ్ళు రెండేళ్ళ కిందట ఉప్పగా మారాయి. అన్నం ఉడికితే రంగు మారేది. అప్పుడు ఒక కాలేజీ పిల్లలు రాడార్ పెట్టె తెచ్చి సముద్రం వైపు నుంచి ఊరి వైపుకి ఇసుకదిబ్బ మీద లాగారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. దిబ్బ ఎత్తు పల్లాలుగా ఉంది గానీ, దాన్ని సరిచేసి వేసిన బొమ్మలో నీటి గీత దాదాపు బల్లపరుపుగా ఉంది. ఊరి వైపు గీత కింద కూడా ఏవో పొరలు కనబడ్డాయి. సముద్రం వైపు వచ్చేసరికి గీత కింద ఒక్కసారిగా చీకటి. అక్కడ ఉప్పునీళ్ళు ఉన్నాయమ్మా, తరంగం అందులో చచ్చిపోతుంది అన్నారు. ఆ చీకటి మొదలైన చోటు మా చేతిపంపుకి ముప్పై అడుగుల దూరం.

ఇంకొకటి కూడా చెప్పారు, నాకు గుర్తుండిపోయింది. తీరంలో మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయట. సముద్ర మట్టం కంటే మంచినీళ్ళ మట్టం ఒక అడుగు పైన ఉంటే, కింద సుమారు నలభై అడుగుల మంచినీళ్ళు నిలబడతాయి. మోటారు పెట్టి ఆ ఒక్క అడుగు లాగేస్తే కింది ఉప్పు అంతా పైకి వస్తుంది. మా పంపు పక్కనే ఒకరు మోటారు పెట్టుకున్నారు. ఇప్పుడు మేం దిబ్బ వెనక, ఊరి వైపు కొత్త పంపు వేయించుకున్నాం. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

బరంపురం రాడార్ · మంగళవారం ఉదయం 8:15

అక్కా, ఇంత బాగా నేను కూడా చెప్పలేను.

కాశీనగర్ అన్నయ్యా, ఈ ఆదివారం నాకు సెలవు. మా ఆఫీసులో 100 మెగాహెర్ట్జ్ యాంటెన్నా ఉంది, అడిగి తెస్తాను. డీజిల్ ఖర్చు ఇవ్వండి చాలు. ఒక్క షరతు. మీ గట్టు పొలానికి దగ్గరలో నీళ్ళున్న నుయ్యి ఏదైనా ఉండాలి. దాని మట్టం టేపుతో కొలవకుండా నేను బండి దింపను.

సిరోంచ గోదారి · మంగళవారం రాత్రి 7:33

400 కంటే 100 తక్కువ కదా, మరి అదెందుకు మంచిది? మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. వేసవిలో ఏటి ఇసుకలో చెలమలు తీసుకుంటాం, ఏ ఏడాదికా ఏడు ఎక్కడ తవ్వాలో వెతుక్కోవడమే.

బరంపురం రాడార్ · మంగళవారం రాత్రి 9:05

అంకె తగ్గే కొద్దీ తరంగం పొడవు పెరుగుతుంది, లోతుకి పోతుంది, కానీ సన్న వివరం పోతుంది. మామూలు పొడి ఇసుకలో 400ది ఓ 32 సెంటీమీటర్ల తరంగం, 100ది మీటరు పైన.

నీటి మట్టం విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. నీళ్ళు గీత గీసినట్టు ఆగవు. వత్తి నూనె పీల్చినట్టు ఇసుక రేణువుల మధ్య కొంత పైకి పాకుతాయి. ముతక ఇసుకలో కొన్ని సెంటీమీటర్లే. సన్న ఇసుకలో అర మీటరు దాకా. ఒండ్రులో ఇంకా ఎక్కువ. కాబట్టి పొడి నుంచి తడికి మార్పు మెల్లగా జరుగుతుంది. పొట్టి తరంగానికి ఆ మెల్లని మార్పు గోడలా కనబడదు, గీత మసకబారుతుంది. పొడవు తరంగానికి అదే గోడలా తగులుతుంది. మీ ప్రాణహిత ముతక ఇసుకలో, చెలమ లోతుకి, 400 కూడా సరిపోతుంది అన్నా.

కాశీనగర్ గట్టు · ఆదివారం రాత్రి 10:40

ఈ రోజు జరిగింది మొత్తం రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది.

పొద్దున్న ఆరున్నరకే బరంపురం తమ్ముడు వచ్చేశాడు. ముందు నది వైపు పక్కవాళ్ళ పొలంలో ఉన్న నుయ్యి దగ్గరకి వెళ్ళాం. అది పల్లంలో ఉంది, ఇంకా నీళ్ళున్నాయి. స్టీలు టేపు చివర సుద్ద రాసి దించాడు. తడిసిన గుర్తు చూసి, నేల పైకి ఉన్న ఒర ఎత్తు తీసేస్తే నేల నుంచి 3 మీటర్ల 20 సెంటీమీటర్లు. తర్వాత ఆ నుయ్యి పక్క నుంచే యాంటెన్నా లాగాడు. స్క్రీన్ మీద 50 నానోసెకన్ల దగ్గర తెల్లగా, లావుగా ఒక గీత. తమ్ముడు నా చేతే లెక్క చేయించాడు. పోను రాను కాబట్టి 3.2ని రెండింతలు చేస్తే 6.4 మీటర్లు. దాన్ని 50తో భాగిస్తే నానోసెకనుకి 12.8 సెంటీమీటర్లు. ఇది మన నేల వేగం, ఎవరి పుస్తకంలోదీ కాదు అన్నాడు. మిషన్‌లో మామూలుగా పెట్టి ఉండే వేగం 10 అట. దాన్నే నమ్మి ఉంటే నూతిలో నీళ్ళు రెండున్నర మీటర్లకే ఉన్నాయని చెప్పేది. కళ్ళెదుట ఉన్న నూతికే 70 సెంటీమీటర్ల తప్పు!

అక్కడి నుంచి మా పొలం మీదకి లాగుతూ వచ్చాం. నేల ఎత్తు పెరిగే కొద్దీ గీత మెల్లగా కిందకి జారుతోంది. మా తాత నుయ్యి దగ్గరకి వచ్చేసరికి 78 నానోసెకన్లు. లెక్క వేస్తే దగ్గర దగ్గర 5 మీటర్లు. అంటే పదహారున్నర అడుగులు.

మా నుయ్యి 14 అడుగులు.

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. మార్చి నుంచి ఎండిపోయింది అనుకున్న నూతికి రెండున్నర అడుగుల కింద నీళ్ళున్నాయి. రోజూ దాని పక్క నుంచే నడిచి వెళ్ళి, గరువులో మూడో బోరు గురించి ఆలోచిస్తున్నాను.

ఇంకో సంగతి. పొలం తూర్పు అంచున 100 నానోసెకన్ల దగ్గర ఇంకో గీత కనబడింది. మా బావ ఎగిరి గంతేశాడు, అది రెండో నీటి పొర, ఆరు మీటర్ల పైన ఉంది అని. తమ్ముడు ఏమీ అనకుండా తల పైకెత్తి చూడమన్నాడు. పక్కన కరెంటు లైను. యాంటెన్నాని లైనుకి దూరంగా జరిపితే ఆ గీత కూడా జరిగి వంగిపోయింది. ఈ 100 యాంటెన్నాకి పైన కవచం లేదట, తరంగం గాలిలోకి కూడా పోతుంది. 15 మీటర్ల దూరంలో ఉన్న తీగకి తగిలి గాలిలో వెళ్ళి రావడానికి సరిగ్గా 100 నానోసెకన్లు పడుతుంది. దాన్ని నేల వేగంతో లెక్కగడితే 6.4 మీటర్ల లోతున నీళ్ళు అని వస్తుంది. తీగని చూసి నీళ్ళనుకుని తవ్వేవాళ్ళం. బావ ఆ తర్వాత సాయంత్రం దాకా తమ్ముడి వెనకే తిరిగి, ప్రతి గీతకీ తల పైకెత్తి చూశాడు.

12 వేల ఆయన మధ్యలో ఫోన్ చేశాడు. మీరు ముందు మా పక్కవాళ్ళ నుయ్యి మీద బండి తిప్పి దాని లోతు చెప్పండి, సరిపోతే డబ్బులిస్తాను అన్నాను. మళ్ళీ చేస్తానన్నాడు. చేయలేదు.

పర్లాకిమిడి మాష్టారు · సోమవారం ఉదయం 6:30

చాలా సంతోషం బాబూ. ఒక్క జాగ్రత్త. 5 మీటర్లు అన్నది ఈ రోజు మట్టం. మే నెలాఖరుకి ఇంకా దిగుతుంది. కనీసం ఇంకో ఆరేడు అడుగులు దింపండి. ఇసుకలో పాత ఇటుకల గోడ కింద తవ్వితే గోడ కూర్చుంటుంది, మనుషులు లోపల ఉండగా కూలుతుంది. గోడని ముట్టుకోకుండా లోపల చిన్న సిమెంటు వరలు దించి, వర లోపలి ఇసుక తీస్తూ వాటి బరువుకి అవే దిగేలా చేయండి. లోపలికి దిగే మనిషి నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరు ఉండాలి.

గుణుపురం రైతుబిడ్డ · సోమవారం ఉదయం 7:12

అన్నా, నేను తొందరపడి చేయించమన్నాను, ఏమీ అనుకోవద్దు. నిన్న చిన్నాన్నని అడిగాను. ఆ మిషనాయన పాయింట్ పెట్టే ముందు చుట్టూ ఉన్న బోర్లు ఎంత లోతున్నాయో అందరినీ కనుక్కున్నాడట. 220 అన్నది మా పక్క చేను బోరు లోతే.

ధర్మాబాద్ మిర్చి · సోమవారం ఉదయం 9:25

మా దగ్గర వేసిన రెండు ఎండు బోర్ల కేసింగ్ లెక్క రాసి పెట్టుకున్న మాష్టారూ. మీ మాట చదివినంకనే తెలిసింది అది పనికొస్తదని. మా రేగడి కింద నల్లరాయి. అందులో కూడా ఆ రెసిస్టివిటీ పద్ధతి పనికొస్తదా?

పర్లాకిమిడి మాష్టారు · సోమవారం మధ్యాహ్నం 12:48

పనికొస్తుంది. మీ నాందేడ్ పడమర వైపు బసాల్టు (లావా గడ్డకట్టిన నల్లరాయి), తూర్పున ధర్మాబాద్, బిలోలి వైపు గ్రానైట్ జాతి రాళ్ళు కూడా ఉంటాయి. మీ చేనులో ఏది వచ్చిందో బోరు రాతిపొడి చూస్తే తెలుస్తుంది, ఒక పిడికెడు దాచి ఉంటే ఫొటో పెట్టండి. బసాల్టు అయితే లావా పొరకీ పొరకీ మధ్య ఉండే బుడగల రాయి, ఎర్రమట్టి పొర చూసుకోవాలి. నీళ్ళు ఎక్కువగా ఆ బుడగల రాయిలో నిలుస్తాయి.

కాశీనగర్ గట్టు · బుధవారం సాయంత్రం 6:18 (తొమ్మిది రోజుల తర్వాత)

నాలుగు వరలు దించాం. మాష్టారు చెప్పినట్టే గోడని ముట్టుకోలేదు, తాడు కట్టే దింపాం. పదిహేను అడుగులు దాటాక ఇసుక రంగు మారింది, పిడికిట్లో నొక్కితే ముద్దవుతోంది గానీ నీళ్ళు కారడం లేదు. తమ్ముడు చెప్పిన వత్తి నూనె మాట గుర్తొచ్చి పనివాళ్ళని ఆపనివ్వలేదు. పదిహేడు అడుగుల దగ్గర వర అంచు చుట్టూ ఊట కనబడింది. రాడార్ లెక్క కంటే అర అడుగు కింద, ఈ పది రోజుల్లో మట్టం కొంచెం దిగి ఉంటుంది. 21 అడుగుల దగ్గర ఆపాం. అర హెచ్‌పీ మోటారు గంటన్నర ఆడితే వర ఖాళీ అవుతోంది, మూడు గంటల్లో మళ్ళీ నిండుతోంది. కూరగాయలకి సరిపోతుంది.

అమ్మ వచ్చి బిందె ముంచుకుని వెళ్ళింది.

గరువులో రెసిస్టివిటీ లైను వచ్చే వారం. 65 అడుగుల కేసింగ్ పడిన వైపుకే వేస్తున్నారు. మూడో బోరు సంగతి ఆ అంకెలు చూశాకే. కేంద్ర భూగర్భ జల మండలి వాళ్ళు ఏడాదికి నాలుగుసార్లు నూతుల మట్టం కొలుస్తారని మాష్టారు ఫోన్‌లో చెప్పారు. నేను కూడా ఒక స్టీలు టేపు, సుద్దముక్క కొనుక్కున్నాను. జనవరి, మే, ఆగస్టు, నవంబరు అని నూతి ఒర లోపలి వైపు నాలుగు గళ్ళు గీసి, మొదటి అంకె ఈ రోజే రాశాను: 5.18 మీటర్లు.